ఓ పేర్ పాఠాలు – 4: టైమ్‌టేబుల్‌లో గంటలు లెక్కపెట్టడం

ఓ పేర్ అంటే విదేశంలో ఒక కుటుంబంతో ఉంటూ, పాకెట్ మనీకి వాళ్ల పిల్లల్ని చూసుకునే యువతీయువకులు. ఈసారి ఓ పేర్ వీసా కాగితాల గురించి చెబుదామనుకున్నాను. కుటుంబాల కోసం మీరు రాసి పంపిన పరిచయ లేఖలు చదివాక అది వచ్చే పాఠానికి వాయిదా వేశాను.

లేఖల్లో పిల్లల గురించి రాసిన ముక్కలు బాగున్నాయి. కానీ దాదాపు అందరూ చివర్లో ఒకే వాక్యం రాశారు: "ఇంట్లో ఏ పనైనా చేస్తాను." ఏది రాయకూడదో పోయినసారి నేను చెప్పి ఉండాల్సింది. ఆ వాక్యం కొట్టేయండి. "పిల్లల్ని స్కూలుకి తయారుచేస్తాను, వాళ్ల బట్టలు మడతపెడతాను, తేలికపాటి వంట వచ్చు" అని రాయండి. ఏ పనైనా అన్నాక ఇస్త్రీ, తోటపని, ఇల్లంతా తుడవడం టైమ్‌టేబుల్‌లోకి వచ్చేస్తాయి. అప్పుడు కాదనడం కష్టం.

ఇక గంటల సంగతి. జర్మనీలో ఓ పేర్‌కి రోజుకు 6, వారానికి 30 గంటలకు మించి పని ఉండకూడదు. నెలకు 280 యూరోల పాకెట్ మనీ, వారంలో కనీసం ఒకటిన్నర రోజు సెలవు ఇవ్వాలి. అమెరికాలో అయితే రోజుకు 10, వారానికి 45 గంటలు. ఏ దేశం వెళ్తున్నారో ఆ దేశం అంకెలు బట్టీ పట్టండి.

జర్మనీ కుటుంబం ఒకటి ఇలా టైమ్‌టేబుల్ పంపిందనుకుందాం. సోమవారం నుంచి శుక్రవారం దాకా పొద్దున 7 నుంచి 8:30, మధ్యాహ్నం 3 నుంచి 6:30. రోజుకు 5 గంటలు, అయిదు రోజులకు 25. చాలామంది ఇక్కడే ఆగి "హమ్మయ్య, 30 లోపే" అనుకుంటారు. కింద చిన్న అక్షరాల్లో ఇంకో మూడు లైన్లున్నాయి. ఆ అయిదు రోజులూ రాత్రి చిన్నవాడికి అన్నం తినిపించడం, అరగంట. బుధవారం తల్లిదండ్రులు బయటికెళ్తారు, 8 నుంచి 10 దాకా పిల్లలు నిద్రపోతుంటారు, మీరు ఇంట్లో ఉంటే చాలు. శనివారం రాత్రి 7 నుంచి 11 కూడా అంతే.

ఈ "ఇంట్లో ఉంటే చాలు" దగ్గరే నాకు ఒళ్లు మండుతుంది. పిల్లలు నిద్రపోతున్నా సరే, మీరు బయటికి వెళ్లలేరు, హెడ్‌ఫోన్స్ పెట్టుకోలేరు, చిన్నవాడు ఏడిస్తే పరుగెత్తాలి. అది పనే. జర్మనీ నిబంధనల్లో బేబీ సిట్టింగ్ కూడా ఆ 30 గంటల్లోనే లెక్క. ఇప్పుడు కూడండి: 25, తినిపించడానికి 2.5, బుధవారం 2, శనివారం 4. మొత్తం 33.5. బుధవారం ఒక్కరోజే 7.5 గంటలైంది, అంటే రోజు లెక్క కూడా దాటింది.

దీనికి ఉల్టా పొరపాటు కూడా ఉంది. మీ గది మీరు ఊడ్చుకోవడం, మీ బట్టలు ఉతుక్కోవడం, అందరితో కలిసి కూర్చుని తినడం పని కిందికి రావు. అవి కలిపి లెక్క చూపిస్తే కుటుంబానికి మీ మీద నమ్మకం పోతుంది.

నేనైతే గళ్ల కాగితం మీద ఒక్కో గడి పావుగంటగా పెట్టుకుని పెన్సిల్‌తో నింపుతాను. యాప్‌లు వద్దు. గడులు నల్లబడుతుంటే రోజు ఎంత నిండిపోయిందో కంటికే తెలుస్తుంది.

లెక్క దాటిందని తేలాక సారీతో మొదలుపెట్టకండి. "నా లెక్కలో 33.5 గంటలు వస్తున్నాయి. బుధవారం రాత్రి ఉండాలంటే ఆ మధ్యాహ్నం ఖాళీ ఇవ్వగలరా? అప్పుడు సరిగ్గా 30 అవుతుంది" అని అడగండి. తగ్గించాల్సింది ఎంతో, ఎలాగో మీరే చెబుతున్నారు కాబట్టి అది గొడవలా వినిపించదు.

సాధన: పైన ఇచ్చిన టైమ్‌టేబుల్‌ని ఏ రోజూ 6 గంటలు, వారం మొత్తం 30 దాటకుండా మూడు రకాలుగా మార్చండి. శనివారం రాత్రి మాత్రం తీసేయకూడదు. తర్వాత ఆ మార్పును మీరు నేర్చుకుంటున్న భాషలో, కాగితం చూడకుండా, రెండు నిమిషాలు గట్టిగా చెప్పి ఫోన్‌లో రికార్డు చేయండి. ఎక్కడ తడబడ్డారో ఆ వాక్యాలు మాత్రమే రాసి పంపండి, వచ్చే పాఠం వాటితో మొదలుపెడతాను.