జపనీస్‌లో ‘రోజు’ కంజి: రాయడం, ఐదు రకాలుగా చదవడం ఎలా?

జపాన్‌లో ఒకటో తరగతి పిల్లలు నేర్చుకునే 80 కంజిల్లో (చైనా లిపి నుంచి వచ్చిన గుర్తుల్లో) ‘రోజు’ గుర్తు 日 ఒకటి. జె.ఎల్.పి.టి. (జపనీస్ భాషా ప్రావీణ్య పరీక్ష)లో అన్నిటికంటే తేలికైన ఎన్5 స్థాయికి చదివేవాళ్లకూ మొదట్లోనే ఎదురవుతుంది. చూడటానికి తేలికే: నిలువుగా పొడవైన దీర్ఘచతురస్రం, దాని నడుమ ఒక అడ్డగీత. అర్థాలు రెండు: సూర్యుడు, రోజు. మన ‘పొద్దు’ కూడా సూర్యుణ్నీ కాలాన్నీ కలిపి చెప్పే మాటే కాబట్టి అర్థం దగ్గర ఎవరూ తడబడరు. తడబడేదంతా చదివేటప్పుడు. నిచి, జిత్సు, హి, బి, క అని ఈ ఒక్క గుర్తుకు ఐదు ఉచ్చారణలున్నాయి. ఎక్కాల్లా బట్టీ పడితే రెండు రోజుల్లో కలగాపులగమవుతాయి. అందుకే ఒక్కో ఉచ్చారణను ఒక్కో మాటతో పాటే నేర్చుకోవాలి.

1. నాలుగు గీతల్లో రాయండి

చైనాలో ఎముకల మీద చెక్కిన పాత లిపిలో ఇది సూర్యబింబం బొమ్మ, మధ్యలో చిన్న గుర్తు. ఎముక మీద గుండ్రంగా చెక్కడం కష్టం కాబట్టి మూలలు తేలాయి.

లెక్కల గళ్ల నోటుబుక్ తీసుకోండి. నాలుగు గళ్లను కలిపి ఒక పెద్ద గడి అనుకుంటే, మధ్యలో ఏర్పడే కూడలి గీతలు కొలతకు పనికొస్తాయి.

మొదటి గీత ఎడమవైపు, పైనుంచి కిందికి. రెండోది పైన ఎడమ నుంచి కుడికి వెళ్లి, మూల దగ్గర పెన్ను ఎత్తకుండానే కిందికి దిగుతుంది. ఇది రెండు వైపులున్నా ఒకే గీత. మూడోది నడిమి అడ్డగీత. చివరగా అడుగు మూయాలి.

ఎక్కువమంది చేసే తప్పు డబ్బా మొత్తం గీసేసి తర్వాత మధ్యలో గీత పెట్టడం. ముందు లోపలిది రాయాలి, తర్వాతే తలుపు మూయాలి. లోపల భాగాలున్న చాలా కంజిలకు ఈ వరసే వర్తిస్తుంది కాబట్టి ఇక్కడే అలవాటు చేసుకోవడం మంచిది. రెండోగీతను మూల దగ్గర విరిస్తే లెక్క ఐదవుతుంది. గీతల సంఖ్యను బట్టి నిఘంటువులో వెతికితే దొరకదు.

పోలికలున్న గుర్తులతో జాగ్రత్త. లోపల రెండు గీతలుంటే అది ‘కన్ను’. పైన చిన్న ఏటవాలు గీత ఉంటే ‘తెలుపు’. లోపల కూడలి గుర్తు ఉంటే ‘వరి మడి’. లోపల ఏమీ లేకపోతే ‘నోరు’.

2. ఇన్ని ఉచ్చారణలు ఎందుకో అర్థం చేసుకోండి

‘3’ అంకె రాసి మనం మూడు అని చదువుతాం. ‘3శూలం’ అని రాసే అలవాటే ఉంటే అక్కడ త్రి అని చదివేవాళ్లం. ‘3ప్పూటలా’ అంటే ము అనేవాళ్లం. కంజి సరిగ్గా ఇలాగే నడుస్తుంది. చైనా నుంచి వచ్చిన ఉచ్చారణ ఒన్‌యొమి, మన ‘త్రి’ లాంటిది. జపనీస్ సొంత మాట కున్‌యొమి, మన ‘మూడు’ లాంటిది.

నిచి, జిత్సు రెండూ ఒన్‌యొమిలే, వేర్వేరు కాలాల్లో చైనా నుంచి వచ్చినవి. హి, క సొంత మాటలు. బి అనేది హికి మారురూపం. కూర, కాయలు కలిస్తే ‘కూరగాయలు’, అన్న, తమ్ముడు కలిస్తే ‘అన్నదమ్ములు’ అవుతాయి కదా. జపనీస్‌లోనూ సమాసంలో రెండో మాట మొదటి అక్షరం తరచూ ఇలా మెత్తబడుతుంది. హ అక్కడ బ అవుతుంది. గసడదవాదేశ సంధి చదువుకున్న తెలుగువాళ్లకు ఇది కొత్త పాఠం కాదు.

3. ఒక్కో ఉచ్చారణకు ఒక్కో మాట

నిచి: మైనిచి, అంటే ప్రతిరోజూ.
జిత్సు: క్యూజిత్సు, సెలవురోజు. షుకుజిత్సు అయితే ప్రభుత్వ పండుగ సెలవు.
హి: అసహి, ఉదయసూర్యుడు.
బి: తంజోబి, పుట్టినరోజు.
క: దీని సంగతి కింద తేదీల దగ్గర.

ఎప్పుడు నిచి, ఎప్పుడు జిత్సు అన్నదానికి నమ్మదగిన సూత్రం లేదు. మాటల్నే గుర్తుపెట్టుకోవాలి. ‘నిహొన్’ (జపాన్) అన్న మాటలో మొదటి గుర్తు ఇదే, చదివేది ‘ని’ అని మాత్రమే. ఆ రెండు గుర్తుల్నే తారుమారు చేస్తే ‘హొంజిత్సు’, అంటే ‘ఈరోజు’. దుకాణాల ముందు నోటీసుల్లో కనబడే మర్యాదమాట అది.

ఆదివారం ‘నిచియోబి’. మొదట, చివర ఇదే గుర్తు. ముందు నిచి, చివర బి. మన ఆదిత్యవారం లాగే అదీ సూర్యుడి వారం. సోమవారానికి చంద్రుడి గుర్తు. మంగళవారానికి నిప్పు గుర్తు, ఎందుకంటే కుజగ్రహం పేరు జపనీస్‌లో ‘నిప్పు నక్షత్రం’.

4. తేదీల దగ్గర నిదానించండి

అసలు చిక్కు ‘క’తోనే. నెలలో 2 నుంచి 10 వరకు తేదీలు ఇలా: ఫుత్సుక, మిక్క, యొక్క, ఇత్సుక, ముయిక, ననొక, యోక, కొకొనొక, తోక. 14 జూయొక్క, 20 హత్సుక, 24 నిజూయొక్క. మిగతావన్నీ అంకె పక్కన నిచి చేర్చడమే: 11 జూఇచినిచి.

4కూ 8కీ మధ్య చాలా దేశాల విద్యార్థులు బోల్తా పడతారు. మనకు హ్రస్వం, దీర్ఘం, ద్విత్వం చెవికి అలవాటే: ‘రాముని యొక్క’లో వినిపించే యొక్క 4, యోను సాగదీసి పలికే యోక 8. పదో తేదీకి పిల్లి తోక గుర్తుచేసుకున్నా చాలు. త్సు అన్నచోట ‘చుక్క’లో దంతాల దగ్గర పలికే చు వస్తే సరిపోతుంది.

ఒకటో తేదీ మాత్రం ‘త్సుయితచి’. అదే రెండు గుర్తుల్ని ‘ఒక రోజు’ అనే అర్థంలో ‘ఇచినిచి’ అని చదవాలి. తేదీయా, వ్యవధా అన్నది వాక్యమే చెబుతుంది.

5. విడదీయకూడని మాటలు

క్యో (ఈరోజు), కినో (నిన్న), అషిత (రేపు): మూడింటిలోనూ రెండో గుర్తు ఇదే. ఇందులో ఈ కంజి ఉచ్చారణ ఏ ముక్క అని వెతక్కండి. ఆ ఉచ్చారణ రెండు గుర్తులకూ కలిపి ఇచ్చింది, కోస్తే అర్థం ఉండదు.

6. ఒక్క వాక్యంతో పరీక్షించుకోండి

జపాన్‌లో నవంబరు 3 సంస్కృతి దినం. 2024లో అది ఆదివారం వచ్చింది. ఆ సంగతి జపనీస్‌లో: ‘జూఇచిగత్సు మిక్క వ నిచియోబి దె, బుంక నొ హి తొ యూ షుకుజిత్సు దెషిత.’ మన గుర్తు ఇందులో ఐదుసార్లు వస్తుంది. క, నిచి, బి, హి, జిత్సు వరసగా ఒక్కోసారి.

వాక్యాన్ని నోటుబుక్‌లో రాసుకుని, ప్రతి చోటా గుర్తు రాస్తూ పైకి పలకండి. రోజుకు పదిసార్లు చాలు. నోరు కదపకుండా వందసార్లు రాస్తే చేతికి గుర్తుంటుంది గానీ చదవడం రాదు. మర్నాడు, మూడోరోజు, వారం తర్వాత వాక్యం మూసిపెట్టి జ్ఞాపకం నుంచి చెప్పండి. ఎక్కడ ఆగిపోతే ఆ ఉచ్చారణ ఉన్న మాటను మాత్రం మళ్లీ చూసుకోండి. మొత్తం మొదటినుంచి చదవనక్కర్లేదు.