జ్వరం తగ్గింది, అమ్మ మాత్రం మంచం దిగట్లేదా?

మాది నల్లగొండ జిల్లా మునుగోడు దగ్గర పల్లె. పోయిన వానాకాలం అమ్మ జ్వరంతో ఇరవై రోజులు మంచం పట్టింది. జ్వరం పోయింది, దాంతోపాటే నడకా పోయింది. "పెద్దమనిషి, పండుకోనియ్యి" అని చూడవచ్చిన ప్రతి ఒక్కరూ చెప్పారు, నేనూ అట్లనే వదిలేశాను, ఇంకో రెండు వారాలు అట్ల పోయాయి. మీ ఇంట్లోనూ ఇదే పరిస్థితి ఉంటే ఇవి చూడండి.

సమస్య: దర్వాజో మనిషో పట్టుకుంటే తప్ప లేవలేరు.

కారణం: మోకాళ్లు అరిగాయనుకుంటాం, కానీ చాలాసార్లు అసలు దెబ్బ తొడ కండకు. పెద్దవయసులో పది రోజులు కదలకుండా పడుకున్నా అది బాగా కరిగిపోతుంది. పైగా మా ఇంట్లో ఇంకోటి, నవారు మంచం. నడుమ కుంగిపోయి, అమ్మ కూర్చుంటే మోకాళ్లు తుంటి కంటే పైకి వచ్చేవి, అట్ల కూర్చొని లేవడం నాకే కష్టమైంది.

పరిష్కారం: ముందు నవారు బిగించండి. తర్వాత చేతులున్న చెక్క కుర్చీ ఒకటి గోడకు ఆనించి వేయండి, ప్లాస్టిక్‌ది వద్దు, జారుతుంది. పాదాలు కొంచెం వెనక్కి లాగి, ఛాతీ ముందుకు వంచి లేవాలి, మెల్లగా కూర్చోవాలి. ఐదుసార్లు, రోజుకు మూడు పూటలు. మొదటిరోజు అమ్మ రెండుసార్లకే ఆగింది, కుర్చీ చేతులను వేళ్లు తెల్లబడేంత గట్టిగా పట్టుకుంది. మూడో వారంలో ఒంటిచేత్తో లేచింది. పథ్యం పేరుతో ఉత్త గంజి, చారు మెతుకులు పెడితే కండ రాదు, గుడ్డు, పప్పు, పెరుగు పెట్టండి. కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం డాక్టర్‌ను అడిగాకే.

సమస్య: నిలబడగానే కళ్లు తిరుగుతున్నాయి.

పడుకొని ఒక్కసారే లేస్తే బీపీ పడిపోతుంది, నీళ్లు తక్కువ తాగినా, బీపీ గోళీల వల్లా అవుతుంది. మంచం అంచున రెండు నిమిషాలు కూర్చొని, పాదాలు పైకీ కిందికీ ఆడించి, అప్పుడు లేవాలి. గోళీలు మీరే ఆపేయకండి. పడుకున్నప్పుడు, నిలబడ్డాక బీపీ చూడమని డాక్టర్‌కు చెప్పండి.

సమస్య: మెడ, నడుము ఏళ్ల తరబడి బిగుసుకుపోతున్నాయి.

మర్రిగూడ, చండూరు, మా మునుగోడు దిక్కు దీన్ని వయసు మీదికి తోసేయకండి, బోరు నీళ్లలో ఉండి ఎముకల్లో పేరుకునే ఫ్లోరైడ్ వల్ల కావచ్చు. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు తాగొద్దు. కాచినా ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇంకినకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. తాగడానికి కృష్ణా నీళ్లు పట్టుకొని, అన్నం మాత్రం బోరు నీళ్లతో వండే ఇళ్లు చూశాను, ఆ నీళ్లన్నీ బియ్యమే పీలుస్తుంది కదా! ముదిరిన ఎముక మళ్లీ మామూలు కాదు, కానీ నీళ్లు మారిస్తే కొత్తగా చేరేది తగ్గుతుంది. వంగినంతే వంచండి, బలవంతంగా మెడ తిప్పించొద్దు. కాళ్లు తిమ్మిరెక్కి పట్టు తప్పుతున్నా, మూత్రం ఆగిపోతున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇంకొక్కటి. మంచంలో ఉన్నవాళ్లకు ఒక్క పిక్క మాత్రమే వాచి నొప్పి పెడితే నూనె రాసి పిసకకండి. లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, అది కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికి వస్తుంది. ఆయాసం కూడా ఉంటే తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.