సాల్జ్‌బర్గ్ నుంచి సముద్రం దాకా: కార్ల గోల లేకుండా ఆల్ప్స్ దాటే సైకిల్ దారి

ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ దగ్గర మొదలై, ఇటలీలో ఏడ్రియాటిక్ తీరాన ఉన్న గ్రాడో పట్టణంలో ముగిసే ఆల్పె ఆడ్రియా దారి సుమారు 410 కిలోమీటర్లు. పర్వతాల మీదుగా వెళ్తుంది కదా అని భయపడనక్కర్లేదు. ఇది కనుమల మీదుగా ఎక్కే దారి కాదు. ఎక్కువ భాగం నదుల ఒడ్డునో, రైళ్ళు ఆగిపోయిన పాత రైలుకట్ట మీదో సాగుతుంది. నది గానీ రైలు గానీ నిట్టనిలువుగా ఎక్కలేవు కాబట్టి సామాను కట్టుకున్న సైకిలుకు ఆ వాలు సరిపోతుంది. చిక్కంతా ఒక లోయ నుంచి ఇంకో లోయలోకి మారే అతుకుల దగ్గరే. అక్కడ కార్లు తగులుతాయి, ఎక్కుడు తగులుతుంది, రైలు టైము చూసుకోవాలి. ప్లాను వేసేటప్పుడు రోజుకు ఎన్ని కిలోమీటర్లు అన్న లెక్క తర్వాత. ముందు అతుకులు గుర్తుపెట్టి, ప్రతి ఒక్కటీ ఉదయం పూట పడేలా రోజుల్ని విడదీయండి.

దిక్కు: ఉత్తరం నుంచి దక్షిణానికే వెళ్ళండి. వెనక్కి వస్తే ఓబర్‌ఫెల్లాఖ్ నుంచి మాల్నిట్జ్ దాకా తక్కువ దూరంలోనే దాదాపు 500 మీటర్ల ఎత్తు ఎక్కాలి. బరువుతో అది నడిపించుకెళ్ళే పనే.

సీజను: మే రెండో సగం నుంచి సెప్టెంబర్ చివరి దాకా. జూలై, ఆగస్టుల్లో మధ్యాహ్నం దాటాక ఉరుముల వాన తరచు పడుతుంది. ఉదయం ఏడింటికల్లా బయలుదేరి మూడింటికల్లా గది చేరేలా చూసుకోండి. ఇంకో కారణం కూడా ఉంది. ఎండెక్కాక కొండవాలు వేడెక్కి, గాలి లోయ కింది నుంచి పైకి లాగుతుంది. ఇటలీ వైపు మీరు దిగుతుంటే అది సరిగ్గా ఎదురుగాలి. దిగుడు దారిలో పెడల్ తొక్కాల్సి రావడం కంటే చిరాకు ఇంకోటి ఉండదు.

మొదటి రెండు రోజులు సాల్జాఖ్ నది వెంట. హాలైన్, గోలింగ్ దాకా పిల్లలు కూడా తొక్కగలిగేంత చదును. గోలింగ్ దాటగానే మొదటి అతుకు, పాస్ లూయెగ్. ఎత్తు 553 మీటర్లే కానీ కొండల సందు ఇరుకు. నది, రైలు, మోటారు హైవే, పాత రోడ్డు అన్నీ అందులోంచే దూరాలి కాబట్టి సైకిలుకు మిగిలేది తక్కువ. కార్ల పక్కన తొక్కడం ఇష్టం లేకపోతే గోలింగ్‌లో లోకల్ రైలెక్కి వెర్ఫెన్‌లో దిగండి, అందులో నామోషీ ఏమీ లేదు. తొక్కేవాళ్ళు వెనక ఎర్రలైటు పగలే వేసుకోవాలి.

రెండో అతుకు గాస్టైన్ లోయ ముఖద్వారం. ష్వార్జాఖ్ దాటాక రోడ్డు సొరంగం పక్కన సైకిళ్ళకు వేరే దారి ఉంది. ప్రమాదం తక్కువే గాని లారీల హోరుకు చెవులు గింగురుమంటాయి. ఇయర్‌ప్లగ్గులు జేబులో ఉంటే మేలు. ఆపైన డోర్ఫ్‌గాస్టైన్ నుంచి బాడ్ హోఫ్‌గాస్టైన్ దాకా గడ్డి మైదానాల మధ్య హాయిగా సాగి, బాడ్ గాస్టైన్ దగ్గర ఒక్కసారిగా నిటారవుతుంది. ఊరి నడిమధ్యలోంచి జలపాతం దూకుతోందంటేనే వాలు అర్థం చేసుకోవచ్చు. ఇక్కడ దిగి నెట్టండి. మోకాళ్ళు ఈ ఒక్క ఎక్కుడుకు పాడైతే మిగతా వారమంతా పోతుంది.

మూడోది అతుకు అనడం కూడా తక్కువే. బ్యోక్‌స్టైన్ దగ్గర దారి కొండగోడకు తగిలి ఆగిపోతుంది. ముందుకు పోవాలంటే 1909లో తెరిచిన టౌయెర్న్ రైలు సొరంగమే గతి. పొడవు సుమారు ఎనిమిదిన్నర కిలోమీటర్లు. కార్లను మోసే రైలు మామూలుగా గంటకొకటి. సైకిలును అందులో ఎక్కించి, మీరు పెట్టెలో కూర్చుంటే పదకొండు నిమిషాల్లో అవతల మాల్నిట్జ్. గది బుక్ చేసే ముందు ఈ రైలు నడుస్తోందో లేదో ఆస్ట్రియా రైల్వే సైటులో చూడండి. 2024-25లో మరమ్మతుల కోసం నెలల తరబడి సొరంగం మూసేశారు, అలాంటప్పుడు దగ్గర దారంటూ వేరే లేదు.

మాల్నిట్జ్ దిగుడు దగ్గరే సైకిళ్ళు ఎక్కువగా చెడతాయి. రైలు దిగగానే ఒంటి మీద చెమట ఆరి చలి పడుతుంది. జాకెట్, చేతి గ్లవ్స్ వేసుకున్నాకే కదలండి. బ్రేకు ఆపకుండా నొక్కి పట్టుకుంటే రిమ్ బ్రేకు ఉన్న చక్రంలో అంచు వేడెక్కి ట్యూబు పేలుతుంది, డిస్కు బ్రేకయితే ప్యాడ్లు మాడి పట్టు వదిలేస్తాయి. వేగం తగ్గేంత గట్టిగా నొక్కి, వదిలి, మళ్ళీ నొక్కండి. ముందుదీ వెనకదీ రెండూ వాడండి. మధ్యలో ఒకసారి ఆగి చల్లారనివ్వండి. ప్యాడ్ మందం ఒక మిల్లీమీటరు దగ్గరికొచ్చి ఉంటే ముందురోజే మార్చేయాలి.

ఆ తర్వాత మ్యోల్ లోయ, ష్పిట్టాల్, అక్కణ్ణుంచి డ్రావ్ నది వెంట ఆర్1 (అక్కడి సైకిల్ దారి నంబరు) బోర్డులు చూసుకుంటూ ఫిల్లాఖ్. చెప్పుకోదగ్గ కష్టమేమీ లేదు, దారి తప్పడమూ కష్టమే. ఆదివారం ఆస్ట్రియాలో కిరాణా దుకాణాలు మూసి ఉంటాయి, శనివారమే బ్రెడ్డు, పళ్ళు కొని పెట్టుకోండి.

ఫిల్లాఖ్ నుంచి సరిహద్దు దాటి తార్విజియోకు కాస్త ఎక్కుడు. ఇక అక్కడ మొదలయ్యేదే ఈ ప్రయాణానికి అసలు ఫలం. 1879లో పూర్తయిన పొంతెబ్బానా రైలుమార్గాన్ని కొత్త లైను వచ్చాక వదిలేశారు. పట్టాలు తీసేసి సైకిళ్ళకిచ్చారు. కంపొరోస్సో దగ్గర నీటివిభజన (నీళ్ళు రెండువైపులకూ విడిపోయే మిట్ట) దాటితే పొంతెబ్బా, క్యూజాఫోర్తె మీదుగా మొజ్జో దాకా అంతా నునుపైన తారు, దిగుడే దిగుడు. కింద ఫెల్లా నది, పైన ఇనుప వంతెనలు, వరసగా సొరంగాలు. క్యూజాఫోర్తె పాత స్టేషన్లో ఇప్పుడు కాఫీ, తిండి దొరుకుతాయి. పోటీ పెట్టుకున్నట్టు తొక్కి ఈ ముక్కను రెండు గంటల్లో పూర్తిచేసేవాళ్ళున్నారు, ఎందుకో అర్థం కాదు. పూట మొత్తం ఇవ్వండి.

సొరంగాల్లో రెండు జాగ్రత్తలు. ఎండలోంచి ఒక్కసారి లోపలికి పోతే కళ్ళు అలవాటుపడే లోపు ఎదురుగా వచ్చే మనిషి కనబడడు, నల్ల కళ్ళద్దాలు బయటే తీసేయండి. లోపల దీపాలున్నా మీ లైటు మీకుండాలి. ఇటలీ చట్టం ప్రకారం సొరంగాల్లోనూ, రాత్రి ఊరి బయటా సైకిలు తొక్కేవాళ్ళు మెరిసే వెస్టు వేసుకోవాలి.

నాలుగో అతుకు మొజ్జో దాటాక. దారి ముక్కలవుతుంది, ఎస్ఎస్13 రోడ్డు తగులుతుంది. ఎఫ్‌విజి1 (ఇటలీలో ఈ సైకిల్ దారి నంబరు) బోర్డులను వదలకుండా పట్టుకోండి. వెంజోనెలో ఆగితే మంచిది, 1976 భూకంపంలో కూలిన ఊరిని రాయి రాయి పేర్చి మళ్ళీ కట్టుకున్నారు. ఊదినె దాటాక అంతా చదునే. నక్షత్రం ఆకారంలో కట్టిన పాల్మనోవా కోట ఊరు, అక్విలేయా, చివరగా ఉప్పుకయ్య మీద కట్టిన గట్టు దారిలో గ్రాడో.

రోజుల లెక్క సుమారుగా ఇదీ, కూడితే 410కి కాస్త తక్కువే వస్తుంది: వెర్ఫెన్ 45, బాడ్ గాస్టైన్ 55, ష్పిట్టాల్ 50, ఫిల్లాఖ్ 40, వెంజోనె 90, ఊదినె 40, గ్రాడో 60 కిలోమీటర్లు. ఐదో రోజు ఎక్కువనిపిస్తే పొంతెబ్బాలో పడుకోండి.

సైకిలు విషయం. 35 నుంచి 42 మిల్లీమీటర్ల టైరు చాలు. సామానుతో ముందు 45, వెనక 55 పిఎస్ఐ గాలి దగ్గర మొదలుపెట్టి, మీ బరువును బట్టి సవరించుకోండి. అన్నిటికంటే ముఖ్యం చిన్న గేరు: వెనక పెద్ద పళ్ళచక్రానికి 34 పళ్ళు, ముందు చిన్నదానికి 30 లేదా తక్కువ. సామాను మొత్తం 12 కిలోలు దాటనివ్వకండి. బరువంతా వెనకే కడితే వెనక చక్రంలో చైను వైపు పుల్లలు (స్పోకులు) తెగుతాయి. సంచులు రెండువైపులా సమానంగా, బరువైనవి అడుగున. క్యారేజీ బోల్టులు రెండు రోజులకోసారి బిగించాలి, అదురుకు వదులవుతాయి. వెంట రెండు ట్యూబులు, ప్యాచులు, పంపు, 4, 5, 6 మిల్లీమీటర్ల ఆలెన్ కీలు, చైను విప్పే పనిముట్టు, ఒక చైను లింకు. వీటితోపాటు మీ సైకిలుకే సరిపోయే డిరైల్లర్ హ్యాంగర్ (వెనక గేరు మార్చే భాగాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క) ఒకటి పెట్టుకోండి. రైల్లో సైకిలు పక్కకు పడితే మొదట వంగేది అదే, మీ మోడలుది కొండ ఊళ్ళో దొరకదు.

ఫోన్లో మ్యాపు, జీపీఎక్స్ ట్రాకు (దారి గీత ఉన్న ఫైలు) ముందే దింపుకోండి. యాప్ దగ్గర దారి చూపిస్తే నమ్మకండి. అది అడవి గ్రావెల్ మీద 14 శాతం వాలు ఎక్కించి దింపుతుంది. ఎత్తుల గ్రాఫు చూసి, 8 శాతం పైన కిలోమీటరు మించి ఉంటే వద్దనుకోవడమే. ఇటలీలో కుళాయి మీద "నాన్ పొటాబిలే" అని ఉంటే ఆ నీళ్ళు తాగకూడదు. హోటళ్ళ వంటిళ్ళు మధ్యాహ్నం రెండున్నర నుంచి ఏడింటి దాకా మూతే. శాకాహారులకు పాస్తా, పిజ్జా దొరుకుతాయి. చప్పగా ఉందనిపిస్తే చిన్న డబ్బాలో కారప్పొడి దేనిమీదైనా పనిచేస్తుంది.

మ్యూనిక్‌లో ఉండే తెలుగువాళ్ళకు ఇది అందుబాటులోని యాత్రే. డాయ్చ్‌లాండ్ టికెట్ (జర్మనీ లోకల్, రీజినల్ రైళ్ళ నెలవారీ పాసు) మీద రీజినల్ రైల్లో సాల్జ్‌బర్గ్ దాకా రావచ్చు, సైకిలుకు మాత్రం వేరే టికెట్ కొనాలి. పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు రెండూ దగ్గరుంచుకోండి, సరిహద్దు తనిఖీలు ఉంటాయి. గ్రాడోలో రైల్వే స్టేషన్ లేదు. సుమారు 18 కిలోమీటర్లు వెనక్కి తొక్కి చెర్విన్యానోలో రైలెక్కి ఊదినె, అక్కడ సైకిళ్ళనెక్కించుకునే మికోత్రా రైల్లో ఫిల్లాఖ్. ఆపైన దూరప్రయాణ రైళ్ళలో సైకిలు చోటు కొన్నే ఉంటాయి. బయలుదేరే తేదీ ఖాయం కాగానే ముందు తిరుగు ప్రయాణపు సైకిలు చోటు, ఆ తర్వాతే గదులు బుక్ చేయండి.