పాత ట్రాక్టర్ హైడ్రాలిక్ ఆయిల్‌లో నీళ్ళు: వానలకు ముందే దారి మూయండి

పోయిన వారం ఒక పాత ట్రాక్టర్ హైడ్రాలిక్ పంపు విప్పాను. ఆరు నెలల్లో అది రెండో పంపు. లోపల గోటికి తగిలేంత లోతు గీతలు, బేరింగుల మీద ఎర్రటి తుప్పు. ఆయిల్ మార్చలేదా అంటే, మార్చారు, రెండుసార్లు. నీళ్ళు ఎటు నుంచి దిగుతున్నాయో మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు. గేర్ లివర్ అడుగున రబ్బరు బూటు చిరిగి ఉంది. వాన పడ్డప్పుడల్లా నీళ్ళు లివర్ వెంబడి జారి లోపలికి పోతున్నాయి.

నేను చూసినంతలో జనాన్ని ముంచేది ఈ తప్పే: దారి మూయకుండా కొత్త ఆయిల్ పోయడం.

చాలా పాత ట్రాక్టర్లలో గేర్‌బాక్స్‌కి, డిఫరెన్షియల్‌కి (వెనక చక్రాలు తిప్పే గేర్లు), పనిముట్టు లేపే లిఫ్ట్‌కి ఒకటే ఆయిల్. అందుకే గేర్ లివర్ దగ్గర దిగిన నీళ్ళు చివరికి పంపుకే చేరతాయి. రబ్బరు బూట్లు, డిప్‌స్టిక్ మూత, ఆయిల్ పోసే మూత వాషరు, బ్రీదర్ (లోపలికి గాలి ఆడే చిన్న మూత), ఇరుసు సీళ్ళు వరసగా చూడండి. అన్నీ బాగుంటే, ఎక్కువ రోజులు కదలకుండా నిలబెట్టిన బండిలో గాలిలోని తేమే లోపల చెమ్మగా పట్టి ఉండవచ్చు.

ఆయిల్ పాలలా మారితే ఎవరైనా గుర్తుపడతారు. మోసం చేసేది మారనిదే. బండి కదలకుండా ఉంటే నీళ్ళు అడుక్కి చేరతాయి, డిప్‌స్టిక్ మీద ఆయిల్ శుభ్రంగానే కనిపిస్తుంది. కాబట్టి రాత్రంతా నిలబెట్టి, పొద్దున ఇంజను స్టార్ట్ చేయకముందే కింద ఆయిల్ దించే డ్రెయిన్ ప్లగ్‌ను మెల్లగా వదులు చేయండి. ముందు నీళ్ళ బొట్లు వస్తే సంగతి తేలిపోయినట్టే. పాలలా ఉన్నది నీళ్ళో గాలి బుడగలో అనుమానముంటే గాజు సీసాలో పట్టి ఉంచండి. బుడగలైతే కాసేపట్లో తేటపడుతుంది, నీళ్ళయితే పాలలాగే ఉంటుంది, లేదా చాలాసేపటికి అడుగున నీళ్ళు తేరతాయి.

ఆయిల్ దించేటప్పుడు లిఫ్ట్ చేతులు పూర్తిగా కిందికి దించి ఉండాలి, లేకపోతే సిలిండర్‌లో మిగిలిన పాత ఆయిల్ కొత్తదాన్ని పాడుచేస్తుంది. ప్లగ్‌లు ఒకటి కంటే ఎక్కువ ఉండవచ్చు, అన్నీ తీయండి. ఫిల్టర్ మార్చండి. ఒక్కసారి మారిస్తే మొత్తం పోదు. కొత్త ఆయిల్ పోసి, లిఫ్ట్‌ను పదిపదిహేనుసార్లు ఆడించి, మళ్ళీ ఆయిల్ దించి చూడండి. తేటగా వచ్చేదాకా ఇదే పని. ఖర్చే, కానీ పంపు ఖర్చు ముందు ఇది చిన్నది.

పాల ఆయిల్‌తో "ఈ నాలుగు రోజులు గడవనీ" అని దున్నకండి. తడి బ్రేకులున్న బండిలో బ్రేకు ప్లేట్లు కూడా ఇదే ఆయిల్‌లో ఉంటాయి, పోయేది లిఫ్ట్ ఒక్కటే కాదు. కడగడానికని డీజిల్ పోసి బండి నడపకండి. కంపెనీ పుస్తకంలో రాసిన గ్రేడు ఆయిలే పోయండి. నీళ్ళు పోవాలని ఆయిల్‌ను మంట మీద కాచకండి. గొట్టం లీకు వేలితో వెతకకండి, అట్టముక్క అడ్డుపెట్టి చూడండి. ఒత్తిడి మీదున్న ఆయిల్ చర్మంలోకి దూసుకుపోతుంది, గాయం చీమ కుట్టినంతే కనిపించినా ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్ళండి. లేపిన పనిముట్టు కిందికి ఎవరూ వెళ్ళకూడదు, లిఫ్ట్ ఎంత బాగున్నా సరే. దించిన ఆయిల్ కాలువలో పారబోయకండి. బూటు చిరిగితే ప్లాస్టిక్ కవరు చుట్టి సరిపెట్టకండి, మార్చండి.

మార్చాకే కొత్త ఆయిల్ డబ్బా మూత తీయండి.