చంద్రయాన్-3 ఎంత స్పీడులో తిరిగిందో మనమే లెక్కేసుకోవడం ఎలా

2023 జూలై 14న శ్రీహరికోట నుంచి చంద్రయాన్-3 లేచింది కదా, ఆరోజు అది దాదాపు 170 × 36,500 కిలోమీటర్ల కక్ష్యలో పడిందని చెప్పారు. చాలామంది అది విని వదిలేశారు గానీ ఆ రెండు నంబర్లు చేతిలో ఉంటే చాలు, అది ఎక్కడ ఎంత స్పీడులో పోతోందో ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసి చెప్పేయొచ్చు. ఇంటర్ పిల్లలు ఇంట్లో ఉంటే పక్కన కూర్చోబెట్టుకుని చేయండి, ఫార్ములా బట్టీ పట్టడం కన్నా ఇది వందరెట్లు నయం.

ముందు ఆ రెండిటికీ భూమి వ్యాసార్థం 6,378 కలపండి. ఇస్రో వాళ్లు చెప్పేది నేల మీంచి ఎత్తు, మనకి కావాల్సింది భూమి మధ్య నుంచి దూరం. మా అక్క కూతురు మొదటిసారి ఇది కలపడం మర్చిపోతే స్పీడు సెకనుకి 68 కిలోమీటర్లు వచ్చింది, అరగంట ఎక్కడ తప్పో వెతుక్కున్నాం. కలిపితే దగ్గరి చివర, అంటే పెరిజీ, 6,548. దూరపు చివర, అంటే అపోజీ, 42,878.

ఇప్పుడు శక్తి. భూమి ఆకర్షణ ఎంత బలమైందో చెప్పే నంబరు ఒకటి గుర్తుపెట్టుకోండి, 3,98,600. దీన్ని ఆ రెండు దూరాల మొత్తంతో, అంటే 49,426తో భాగించి ముందు మైనస్ పెట్టండి, మైనస్ 8.06 వస్తుంది. ఒక్కో కిలోకి ఇన్ని మెగాజౌల్స్ అన్నమాట. మైనస్ ఏంటి అని కంగారు పడకండి, అది భూమికి ఉన్న బాకీ. బాకీ తీరేదాకా భూమి వదలదు, చుట్టూ తిప్పుకుంటూనే ఉంటుంది. ఇంజన్ ముట్టించనంతసేపూ ఈ మైనస్ 8.06 కక్ష్యలో ఎక్కడున్నా మారదు, శక్తి నిత్యత్వం అంటే ఇదే.

స్పీడు కావాలంటే 3,98,600ని ఆ చోటి దూరంతో భాగించండి, పెరిజీ దగ్గర 60.87. అందులోంచి 8.06 తీసేస్తే 52.81, రెట్టింపు చేసి వర్గమూలం తీస్తే సెకనుకి 10.28 కిలోమీటర్లు. అపోజీ దగ్గర ఇదే చేస్తే 1.57 మాత్రమే వస్తుంది. పైకి విసిరిన బంతి పైకి పోయేకొద్దీ ఎలా నెమ్మదిస్తుందో ఇదీ అంతే. సరిచూసుకోడానికి స్పీడుని దూరంతో గుణించి చూడండి, రెండు చోట్లా 67,300 చిల్లర వస్తుంది, దగ్గరున్నప్పుడు వేగంగా, దూరంగా ఉన్నప్పుడు నెమ్మదిగా పోతూ సమాన కాలంలో సమాన వైశాల్యం చుట్టేస్తుందనే కెప్లర్ రెండో నియమం అక్కడ మీ కళ్లముందే కనిపిస్తుంది. నాకైతే ఆ రెండు నంబర్లు కలిసినప్పుడు ఎన్నిసార్లు చేసినా ఒళ్లు పులకరిస్తుంది.

ఇంక అసలు సంగతి, ఇంజన్ ఎక్కడ మండించాలి? స్పీడు సెకనుకి 100 మీటర్లు పెంచామనుకోండి. పెరిజీ దగ్గర పెంచితే బాకీ కిలోకి 1.03 తగ్గుతుంది, అపోజీ దగ్గర అదే ఇంధనం కాలిస్తే 0.16 మాత్రమే. ఆరు రెట్లు తేడా! మరి ఆ ఎక్కువ శక్తి ఎక్కడిది అంటారా, ఇంధనం కూడా శాటిలైట్‌తో పాటే సెకనుకి 10 కిలోమీటర్ల స్పీడులో పరిగెడుతోంది, దానికీ గతిశక్తి, అంటే కదలిక వల్ల వచ్చే శక్తి ఉంది. వెనక్కి చిమ్మిన పొగ ఆ స్పీడు పోగొట్టుకుంటుంది, అది పోగొట్టుకున్నదే శాటిలైట్‌కి జమ అవుతుంది. అందుకే ఎక్కువగా పెరిజీ దగ్గరే ఇంజన్ మండిస్తూ జూలై 25 లోపు కక్ష్య ఐదుసార్లు సవరించి 236 × 1,27,603కి తీసుకెళ్లారు. అక్కడ పెరిజీ స్పీడు లెక్కేస్తే 10.72, అంటే అపోజీ మూడు రెట్లు దాటి పెరిగినా స్పీడు పెరిగింది అర కిలోమీటరు కూడా లేదు.

చివరిగా ఒకటి మీరే చేయండి. ఆగస్టు 1న చంద్రుడి దారి పట్టించిన కక్ష్య 288 × 3,69,328. పెరిజీ దగ్గర 10.84 రావాలి, అక్కడి నుంచి భూమిని పూర్తిగా వదిలి పోవాలంటే 10.94 కావాలి. శక్తి చూడండి, మైనస్ 1.04. చంద్రుడి దాకా పోతున్నా బాకీ ఇంకా ఉంది, ఎందుకంటే ఆ చంద్రుడు కూడా భూమికి బాకీ ఉన్నవాడే.