సిమ్యులేటర్ రైడ్ ఎక్కేముందు కడుపు సంగతి చూసుకోండి

ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తమామలో వచ్చారంటే అమెరికాలో మనవాళ్ళు నయాగరా చూపించాక తీసుకెళ్ళేది ఫ్లోరిడాలో డిస్నీ, యూనివర్సల్ పార్కులున్న ఆర్లాండోకే. రోలర్ కోస్టర్ల జోలికి పెద్దవాళ్ళు ఎలాగూ రారు. చిక్కంతా తెర మీద బొమ్మకి తగ్గట్టు కుర్చీ కదిలే సిమ్యులేటర్లతోనే. "కూర్చుని సినిమా చూడటమేగా అత్తయ్యా, రండి" అని ఎక్కిస్తాం. దిగేసరికి ఆవిడ ముఖంలో రక్తం చుక్క ఉండదు.

అరకు ఘాట్ రోడ్డు మీద బస్సులో ఒళ్ళు మలుపులు తిరుగుతుంటే కళ్ళు ముందు సీటు మీదే ఉంటాయి. సిమ్యులేటర్‌లో దీనికి తలకిందులు. కుర్చీ కదిలేది కాస్తంతే, కళ్ళకి మాత్రం లోయలోకి దూకుతున్నట్టు ఉంటుంది. కళ్ళకీ, ఒంటి కదలికని పసిగట్టే లోపలి చెవికీ పొంతన కుదరకే వికారం. అందుకని బస్సులో పనికొచ్చే "దూరంగా చూడు" సలహా ఇక్కడ పనిచెయ్యదు. తెర మీద దూరంగా కనిపించేదే అసలు దొంగ.

డిస్నీలోని ఫ్లైట్ ఆఫ్ పాసేజ్, స్టార్ టూర్స్ లాంటి సిమ్యులేటర్లలో కళ్ళు మూసుకోవడమే తక్షణ మందు. 3డి కళ్ళజోడు తీసేస్తే చాలనుకుంటారు కొందరు. బొమ్మ రెండుగా చెదిరి ఇంకా చిరాకు పెడుతుంది. అది ఉంచుకునే కళ్ళు మూసుకోండి. యూనివర్సల్‌లోని హ్యారీ పాటర్ ఫర్‌బిడెన్ జర్నీలో కుర్చీలు రోబో చేతికి బిగించి ఉంటాయి. కాసేపు తెరలు, కాసేపు నిజమైన సెట్లు. తెర వచ్చినప్పుడు మూసి, సెట్లు వచ్చినప్పుడు తెరిస్తే చాలామంది గట్టెక్కుతారు.

డిస్నీ వాళ్ళ ఎప్‌కాట్ పార్కులోని మిషన్ స్పేస్ ఆరెంజ్‌కి మాత్రం ఈ చిట్కా వద్దు. అది నిజంగానే గిరగిరా తిప్పే యంత్రం. తల పక్కకి తిప్పొద్దు, కళ్ళు మూసుకోవద్దు, ఎదురుగానే చూడండి అని వాళ్ళే చెబుతారు. లోపల వాంతి సంచులు కూడా పెట్టి ఉంచుతారంటే అర్థం చేసుకోండి. అదే రైడ్‌లో తిప్పుడు లేని గ్రీన్ అనే రకం 2006 నుంచీ ఉంది. బస్సు పడనివాళ్ళకి అదే నయం, పౌరుషానికి పోవద్దు.

మాత్ర వేసుకోవాలంటే వికారం మొదలయ్యాక వేసుకుని లాభం లేదు. డ్రామమైన్ లాంటి ప్రయాణ వికారం మాత్రలు రైడ్‌కి అరగంట నుంచి గంట ముందు పడాలి. క్యూ ఎంత ఉందో ఫోన్‌లో చూసుకుని లెక్క వేసుకోండి. మన ఇళ్ళల్లో వాంతి అనగానే తీసే ఒండాన్‌సెట్రాన్ ఈ రకం వికారాన్ని పెద్దగా ఆపదు. ఇండియా నుంచి తెచ్చుకునే అవొమిన్ పనిచేస్తుంది గానీ నిద్ర ముంచుకొస్తుంది. గ్లకోమా, ప్రోస్టేట్ సమస్య ఉన్న పెద్దవాళ్ళకీ, నిద్రమాత్రలు వాడేవాళ్ళకీ, పిల్లలకీ డాక్టర్ని అడగకుండా ఇవ్వొద్దు. ఇక అల్లం మురబ్బా అంటారా, జేబులో ఉంటే నష్టం లేదు.

ఖాళీ కడుపుతో ఎక్కడం కూడా తప్పే. రెండు ఇడ్లీలో, ఒక అరటిపండో తిని గంట ఆగండి. హోటల్లో పూరీలు పట్టించి నేరుగా వెళ్ళొద్దు. ఫ్లోరిడా వేసవి ఎండకి ఒంట్లో నీళ్ళు తగ్గితే వికారం త్వరగా పట్టుకుంటుంది. రెండు సిమ్యులేటర్లు వరసగా వద్దు, మధ్యలో ఒక పడవ రైడో, నీడలో కూర్చోవడమో పెట్టుకోండి.

గర్భిణులు, గుండె జబ్బు, బీపీ, మెడనొప్పి ఉన్నవాళ్ళు రైడ్ బయట ఉండే హెచ్చరిక బోర్డు ముందే చదవాలి. వరసలో నిలబడ్డాక మనసు మారినా అక్కడి సిబ్బందికి చెబితే పక్కదారిన బయటికి పంపేస్తారు. పిల్లల్ని చూసుకోవాల్సి ఉంటే రైడర్ స్విచ్ అడగండి, ఒకరి తర్వాత ఒకరు ఎక్కొచ్చు.

పెద్దవాళ్ళు నోరు తెరిచి చెప్పరు. గలగలా మాట్లాడే మనిషి ఉన్నట్టుండి మౌనమైపోయి, ఆవలిస్తూ, ఉమ్ము మింగుతూ, నుదుటన చల్లటి చెమట తుడుచుకుంటుంటే ఇంక ఆగొద్దు. ఏసీ ఉన్నచోట కూర్చోబెట్టి, నీళ్ళు గుక్క గుక్కగా తాగించండి. నిద్ర తెప్పించే మాత్ర వేసుకున్నవాళ్ళకి ఆ సాయంత్రం కారు తాళాలు ఇవ్వొద్దు.