మొబిలిటీ స్కూటర్ రిజిస్ట్రేషన్: ఎవరికి అవసరం, ఎలా దరఖాస్తు చేయాలి, ఎక్కడ నడపవచ్చు

బ్రిటన్‌లో స్థిరపడిన మన ఇళ్లలో పెద్దవాళ్లకు మోకాళ్లు మొరాయించడం మొదలైతే, వీధి చివరి పార్కు కూడా దూరాభారమే అవుతుంది. అప్పుడు ఎవరో ఒకరు మొబిలిటీ స్కూటర్ మాట, అంటే నడవడం కష్టమైనవాళ్లు కూర్చుని నడుపుకునే బ్యాటరీ బండి మాట, ఎత్తుతారు. మా నాన్నగారి విషయంలో ఆ మాట ఎత్తింది మా అక్క. మర్నాటి నుంచి టెన్షన్ మాత్రం నాది. లైసెన్స్ కావాలా? వాహనాలు నమోదు చేసే సర్కారు సంస్థ డీవీఎల్ఏలో రిజిస్టర్ చేయించాలా? రోడ్డెక్కితే పోలీసులు ఆపుతారా? అడిగిన ప్రతివాళ్లూ తలో జవాబు చెప్పారు.

లైసెన్స్ అక్కర్లేదు, డ్రైవింగ్ టెస్టూ లేదు. రిజిస్ట్రేషన్ మాత్రం బండిని బట్టి ఉంటుంది. ఆ తేడా తెలియకుండా ఫారం జోలికి వెళ్తే సమయం వృథా.

మీ బండి ఏ క్లాసు?

చట్టంలో ఈ బండ్ల పేరు ‘ఇన్‌వాలిడ్ క్యారేజ్’, అంటే వికలాంగుల బండి. పాతకాలపు మాట, చదవగానే మనసు చివుక్కుమంటుంది. కానీ సర్కారు కాగితాల్లో ఇంకా అదే నడుస్తోంది కాబట్టి గుర్తుపెట్టుకోండి. 1988 నాటి నిబంధనలు వీటిని మూడు క్లాసులుగా విడదీశాయి. క్లాస్ 1 అంటే మోటార్ లేని, చేత్తో తోసే వీల్‌చైర్. క్లాస్ 2 అంటే గంటకు 4 మైళ్లు, అంటే సుమారు 6 కిలోమీటర్లు దాటని బండి. కాస్త చురుగ్గా నడిచే మనిషి వేగం అది. దీన్ని పేవ్‌మెంట్ మీదే నడపాలి. పేవ్‌మెంట్ లేని చోట, లేదా రోడ్డు దాటేటప్పుడు మాత్రమే రోడ్డు మీదికి రావచ్చు. క్లాస్ 3 అంటే రోడ్డు మీద గంటకు 8 మైళ్ల దాకా వెళ్లగలిగేది. పేవ్‌మెంట్ ఎక్కితే అదీ 4 మైళ్లకే తగ్గాలి, అలా తగ్గించే ఏర్పాటు బండిలోనే ఉండాలి.

క్లాస్ 2 కొన్నవాళ్లకు రిజిస్ట్రేషన్ గొడవే లేదు. వాళ్లు దరఖాస్తు భాగం వదిలేసి కింద పేవ్‌మెంట్ దగ్గర చదువుకోవచ్చు. క్లాస్ 3 అయితే డీవీఎల్ఏలో రిజిస్టర్ చేయించి తీరాలి. నడిపేవాళ్లకు కనీసం 14 ఏళ్లు ఉండాలి.

బండి చూసి క్లాసు పోల్చుకోవడం ఎలా అంటే, ముందు లైట్లు, ఇండికేటర్లు, హారన్, అద్దం చూడండి. క్లాస్ 3కి ఇవన్నీ తప్పనిసరి. వెనకా ముందూ లైట్లు, రిఫ్లెక్టర్లు, ప్రమాద సూచనగా రెండు పక్కలా ఒకేసారి వెలిగే ఇండికేటర్లు, వెనక్కి చూసే అద్దం, మంచి బ్రేకులు ఉండాలి. వెడల్పు 85 సెంటీమీటర్లు మించకూడదు. ఖాళీ బండి బరువు 150 కిలోలు మించకూడదు. మనిషికి అవసరమైన వైద్య పరికరాలు బిగించి ఉంటే 200 కిలోల దాకా అనుమతి ఉంది.

ఇంట్లో అందరూ తలోసారీ ఎక్కి తిరగడానికి ఇది కొన్న బండి కాదు. గాయం వల్లో, వైకల్యం వల్లో, జబ్బు వల్లో నడవడం కష్టమైనవాళ్లే వీటిని నడపాలి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు వెసులుబాటు మూడు సందర్భాల్లోనే: అమ్మే ముందు నడిపి చూపించడానికి, వాడబోయే మనిషికి నేర్పించడానికి, రిపేరుకు తీసుకెళ్లి తీసుకురావడానికి. పెరుగు ప్యాకెట్ తేవడానికి మా తమ్ముడు నాన్నగారి బండి తీశాడు. ఆ మూడింటిలో పెరుగు లేదు.

దరఖాస్తు

షాపులో కొత్త బండి కొంటే రిజిస్ట్రేషన్ వాళ్లు చేస్తారా, మీరే చేసుకోవాలా అన్నది డబ్బు కట్టక ముందే అడగండి. చాలా షాపులు చేసిపెడతాయి. అక్కడే ఇంకో కాగితం కూడా అడగండి. దీర్ఘకాలిక జబ్బు లేదా వైకల్యం ఉన్న మనిషి సొంత వాడకానికి కొనే స్కూటర్ మీద వ్యాట్ పడదు. అందుకు కొనేటప్పుడే షాపువాళ్లిచ్చే ధ్రువీకరణ పత్రం నింపి సంతకం చేయాలి.

మీరే చేసుకోవాల్సి వస్తే ఫారాలు రెండు రకాలు. కొత్త బండికి వీ55/4, వాడిన బండికి వీ55/5. వీటిని డీవీఎల్ఏ వెబ్‌సైట్‌లో ఆర్డర్ పెడితే పోస్టులో ఇంటికి వస్తాయి. ఎలా నింపాలో చెప్పే వివరణ పుస్తకాలు వేరే ఉన్నాయి, వీ355/4, వీ355/5 అని. అవి తెరిచి చూస్తే గుండె గుభేలుమంటుంది, ఎందుకంటే లారీల నుంచి మోటార్ సైకిళ్ల దాకా అన్నిటికీ అదే ఫారం. ఇంజిన్ సైజు, పొగ వివరాలు లాంటి గడులు మన బండికి వర్తించవు, వాటిని ఖాళీగా వదిలేయవచ్చు. మనకు కావలసినవి కొన్నే: కంపెనీ పేరు, మోడల్, రంగు, ఇంధనం దగ్గర ఎలక్ట్రిక్, బండి రకం దగ్గర క్లాస్ 3 ఇన్‌వాలిడ్ క్యారేజ్, సీరియల్ నంబరు, కీపర్ (బండి బాధ్యత ఉన్న మనిషి) పేరు, చిరునామా. కీపర్‌గా బండి వాడే మనిషి పేరే రాయండి. మా అక్క తన పేరు రాయబోయింది, డబ్బు తనదే కదా అని. డబ్బు ఎవరిదైనా, వాడేది నాన్నగారు.

సీరియల్ నంబరు దగ్గర ఒక్క నిమిషం ఆగండి. అది సాధారణంగా సీటు కిందో, సీటు నిలబెట్టిన గొట్టం పక్కనో, బ్యాటరీ పెట్టె దగ్గరో చిన్న స్టిక్కర్ మీద ఉంటుంది. వానకు, బురదకు అక్షరాలు సగం చెరిగిపోయి ఉంటాయి. నేను గ్యారేజీలో ఫోన్ టార్చ్ వేసుకుని, మోకాళ్ల మీద కూర్చుని రాసుకొచ్చాను. ‘బి’ అనే ఇంగ్లిష్ అక్షరాన్ని 8 అనుకున్నాను. ఆ ఒక్క తప్పుతో మళ్లీ మొదటికొచ్చింది వ్యవహారం. రాసుకోవద్దు, ఫొటో తీయండి. తీసి పెద్దది చేసి, ఇంకొకరితో చదివించండి.

ఫారంతో పాటు పంపవలసినవి: బండి వయసు తెలిపే కాగితం ఉంటే అది (కొన్న రసీదు, తయారీదారు ఇచ్చిన పత్రం లాంటివి), పేరు, చిరునామా రుజువులు. ఫొటో ఉన్న బ్రిటిష్ డ్రైవింగ్ లైసెన్స్ ఉంటే దాని నకలు ఒక్కటీ సరిపోతుంది. మన పెద్దవాళ్లలో చాలామందికి అది ఉండదు. అప్పుడు పేరుకు ఒకటి, చిరునామాకు ఒకటి పెట్టాలి. పేరుకు పాస్‌పోర్ట్, పుట్టిన తేదీ సర్టిఫికెట్, పెళ్లి సర్టిఫికెట్‌లలో ఒకదాని నకలు. చిరునామాకు గత 3 నెలల లోపు వచ్చిన కరెంటు, గ్యాస్ లేదా నీళ్ల బిల్లు, బ్యాంకు స్టేట్‌మెంట్, లేదా ఈ ఏటి కౌన్సిల్ ట్యాక్స్ బిల్లు. చిక్కంతా ఇక్కడే. కొడుకు ఇంట్లో ఉండే తండ్రి పేరు మీద బిల్లులేవీ ఉండవు. ఆయన పేరున బ్యాంకు ఖాతా ఉండి, స్టేట్‌మెంట్ ఈ ఇంటి చిరునామాకే వస్తుంటే చాలు. లేకపోతే ముందు ఆ పని చూసుకుని, తర్వాత ఫారం ముట్టుకోండి.

ఖర్చు ఏమీ లేదు. మామూలు కారుకు మొదటి రిజిస్ట్రేషన్‌కు 55 పౌండ్లు కట్టాలి, ఈ తరగతి బండికి ఆ రుసుము లేదు. వాహన పన్ను కూడా సున్నాయే. సున్నా అంటే పన్ను పట్టించుకోనక్కర్లేదని కాదు. రెన్యువల్ కాగితం వస్తే చెత్తబుట్టలో వేయకుండా, సున్నా పౌండ్లకే అయినా ట్యాక్స్ చేయించాలి.

అన్నీ కలిపి స్వాన్సీలోని డీవీఎల్ఏకు పోస్టు చేయండి, చిరునామా ఫారంతోనే ఉంటుంది. పంపే ముందు ప్రతి కాగితానికీ ఫొటో తీసి ఉంచుకోండి. అన్నీ సరిగ్గా ఉంటే కొన్ని వారాల్లో వీ5సీ, అంటే మనం లాగ్‌బుక్ అనే రిజిస్ట్రేషన్ కాగితం, ఇంటికి వస్తుంది. ఆరు వారాలు దాటినా రాకపోతే ఫోన్ చేసి కనుక్కోండి.

సెకండ్ హ్యాండ్ బండి అయితే

నేను చేసిన అసలు పొరపాటు ఇక్కడ. అమ్మినాయన మంచిగా మాట్లాడాడు, టీ ఇచ్చాడు, "అంతా రిజిస్టర్ అయ్యే ఉంది" అన్నాడు. బండిని వ్యాన్‌లో ఎక్కించుకుని వచ్చాక చూస్తే ఛార్జర్ ఉంది, తాళాలు రెండున్నాయి, లాగ్‌బుక్ లేదు. ఆయనకు ఫోన్ చేస్తే తనకూ దాని సంగతి తెలియదన్నాడు. చివరికి బండి ఎన్నడూ రిజిస్టర్ కాలేదని తేలింది.

అందుకే మాట కాదు, కాగితం అడగండి. రిజిస్టర్ అయిన బండి అయితే వీ5సీ ఉంటుంది, దాని మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. అమ్మేవాళ్లు మీ వివరాలు డీవీఎల్ఏకు తెలియజేసి, కొత్త కీపర్ చీటీ మీ చేతిలో పెట్టాలి. లాగ్‌బుక్ పోయిందంటే వీ62 ఫారంతో కొత్తది తెప్పించుకోవచ్చు. అసలు రిజిస్టరే కాకపోతే పైన చెప్పిన వీ55/5 దారే. ఇంకొక్క మాట, వీ5సీలో పేరున్నంత మాత్రాన బండి మీ సొంతమని రుజువు కాదు, కాబట్టి డబ్బిచ్చిన రసీదు విడిగా రాయించుకోండి.

పేవ్‌మెంట్ మీద

బ్రిటన్ రోడ్డు నియమాల పుస్తకం హైవే కోడ్‌లో 36 నుంచి 46 దాకా నియమాలు ఈ బండ్ల కోసమే. సారాంశం ఏమిటంటే, పేవ్‌మెంట్ ఉన్నంతవరకూ అదే క్షేమం, అక్కడ నడిచేవాళ్లదే ముందు హక్కు. వెనక నుంచి వెళ్లి హారన్ కొట్టి దారి అడగడం మర్యాద కాదు. చెవులు సరిగా వినపడని మనిషి, చెయ్యి విడిపించుకుని పరుగెత్తే పిల్లవాడు, తెల్లకర్ర పట్టుకున్నవాళ్లు, వీళ్లెవరూ మీ బండి చప్పుడు వినరు. అసలు దానికి చప్పుడే ఉండదు.

చాలా బండ్ల హ్యాండిల్ మీద చిన్న గుండ్రటి మీట ఉంటుంది, ఒక చివర తాబేలు బొమ్మ, ఇంకో చివర కుందేలు బొమ్మ. నేర్చుకునే రోజుల్లో తాబేలు దాటవద్దు. క్లాస్ 3లో రోడ్డుకూ పేవ్‌మెంట్‌కూ వేగం మార్చే స్విచ్ వేరే ఉంటుంది. రోడ్డు దిగి పేవ్‌మెంట్ ఎక్కగానే దాన్ని మార్చడం చేతికి అలవాటు కావాలి.

ప్రమాదం ఎక్కువగా ఎక్కడ పొంచి ఉంటుందో చెబుతాను. చాలా స్కూటర్లలో బొటనవేలితోనో వేళ్లతోనో మీట నొక్కితే బండి కదులుతుంది, వదిలేస్తే దానంతటదే ఆగుతుంది. కంగారు పడ్డప్పుడు మనిషి చేయి సహజంగా చేసే పని వదలడం కాదు, గట్టిగా పట్టుకోవడం. సైకిల్, స్కూటీ నడిపినవాళ్లకు అది ఇంకా ఎక్కువ, బ్రేకు నొక్కాలని వేళ్లు బిగుస్తాయి. బిగిస్తే బండి ఇంకా ముందుకు పోతుంది. మా నాన్నగారు నలభై ఏళ్లు చేతక్ నడిపిన మనిషి. మొదటి ఆదివారం ఖాళీ కార్ పార్కులో నేను "ఆపండి" అని అరిచిన ప్రతిసారీ ఆయన మీట నొక్కారు. పొద పక్కన అట్టపెట్టెలు పెట్టి, ‘వదిలేయి నాన్నా’ అన్న మాట మీద ఓ గంట సేపు సాధన చేయించాం. ఇప్పుడు ఆయనకు ‘ఆపు’ అనం, ‘వదులు’ అంటాం.

బండిని తోసుకెళ్లడానికి వెనక ఒక ఫ్రీవీల్ మీట ఉంటుంది. అది తిప్పితే మోటారుతో పాటు బ్రేకు పట్టు కూడా పోతుంది. వాలు మీద, మనిషి కూర్చుని ఉండగా, దాన్ని ఎప్పుడూ ముట్టుకోకూడదు.

గట్టు దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు పేవ్‌మెంట్ అంచు తగ్గించిన చోటే వెతుక్కోండి. అక్కడ కూడా ఏటవాలుగా కాదు, నిటారుగా, అంచుకు ఎదురుగా వెళ్లాలి. పక్కవాటంగా దిగితే ఒక చక్రం ముందు జారి బండి ఒరుగుతుంది, మూడు చక్రాల బండ్లు మరీను. ఎంత ఎత్తు గట్టు ఎక్కగలదో మాన్యువల్‌లో రాసి ఉంటుంది, దాన్ని మించొద్దు. మనవడిని ఒళ్లో కూర్చోబెట్టుకోవాలని ఉంటుంది, తెలుసు. ఆ సీటు ఒక్కరి కోసమే.

రోడ్డు మీద

క్లాస్ 3 బండి రోడ్డెక్కితే మిగతా వాహనాల నియమాలే వర్తిస్తాయి. ట్రాఫిక్ వెళ్లే దిశలోనే, ఎడమ పక్కగా వెళ్లాలి. చీకట్లో లైట్లు తప్పనిసరి. పగలైనా మెరిసే జాకెట్ వేసుకుంటే కారువాళ్లకు దూరం నుంచే కనిపిస్తారు. సీటు ఎత్తు తక్కువ కాబట్టి ఆ కాస్త వెలుగే పెద్ద ఆసరా. కుడి వైపు తిరగడం కష్టమనిపిస్తే సిగ్గుపడనక్కర్లేదు. ఎడమ పక్క ఆపుకుని, పేవ్‌మెంట్ ఎక్కి, నడిచేవాళ్లలాగే దాటవచ్చు.

మోటార్‌వే మీదికి వెళ్లకూడదు. బస్ లేన్లలో, సైకిళ్లకు మాత్రమే కేటాయించిన లేన్లలో కూడా వెళ్లకూడదు. గంటకు 50 మైళ్ల కంటే ఎక్కువ పరిమితి ఉన్న డ్యూయల్ క్యారేజ్‌వే మీదికి వెళ్లవద్దనే హైవే కోడ్ సలహా. తప్పనిసరై వెళ్తే మిణుకుమిణుకుమనే పసుపు లైటు ఉండి తీరాలి. నా మటుకు ఆ పరిస్థితే రానివ్వను.

మిగతావి

ఇన్సూరెన్స్ చట్ట ప్రకారం తప్పనిసరి కాదు, అయినా తీసుకోమనే సర్కారు సలహా. మేం తీసుకున్నాం. బండి పోతుందనే భయం కంటే, ఎవరి కాలి మీదైనా చక్రం ఎక్కితే ఏమిటన్న భయమే ఎక్కువ.

చూపుకు చట్టపరమైన పరీక్ష లేదు. కానీ 12.3 మీటర్ల దూరంలో ఉన్న కారు నంబర్ ప్లేటు చదవగలగాలి. వరసగా ఆపిన మూడు కార్ల పొడవుకు కాస్త తక్కువ అనుకోండి. చూపు సరిగా లేక ప్రమాదం జరిగితే నష్టపరిహారం కట్టాల్సి రావచ్చు. మాది శుక్లాల కుటుంబం, అందుకని నాన్నగారితో రెండు నెలలకోసారి ఇంటి ముందే ఈ పరీక్ష చేయిస్తున్నాం.

బస్సు, రైలు ఎక్కించాలంటే ముందే ఆ సంస్థను అడగాలి. చిన్న క్లాస్ 2 బండ్లను కొందరు అనుమతిస్తారు, కొందరు ముందు శిక్షణ ఇచ్చి పర్మిట్ కార్డు ఇస్తారు. పార్కింగ్ నిబంధనలు కార్లకున్నట్టే ఉంటాయి. పేవ్‌మెంట్ మీద వీల్‌చైర్లకు అడ్డంగా వదిలేయకూడదు.

ఇల్లు మారితే, పేరు మారితే, బండి అమ్మేస్తే డీవీఎల్ఏకు తెలియజేయాలి. ఇల్లు మారిన హడావిడిలో బ్యాంకు, డాక్టరు గుర్తుంటారు, గ్యారేజీలో ఉన్న స్కూటర్ గుర్తుండదు. మా ఇంట్లో వీ5సీ ఛార్జర్ పెట్టే సొరుగులోనే ఉంటుంది, రోజూ రాత్రి అది తెరవాల్సిందే కాబట్టి.